నిద్రపోయిన ఆఫీసు కంప్యూటర్‌ని ఇంటి నుంచి లేపడం: అయిదు నిమిషాల్లోపే పనిచేస్తోంది, ఆ తర్వాత లేవడం లేదు

తిరువల్లిక్కేణి_డీటీపీ:

అందరికీ నమస్కారం. చెన్నై తిరువల్లిక్కేణిలో మాకు చిన్న డీటీపీ షాపు ఉంది. మా నాన్న సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో పెట్టారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, స్తోత్రాల పుస్తకాలు, నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి వచ్చే కవితా సంపుటాలు చేస్తాం. ఇల్లు అంబత్తూరులో. షాపు మూసి పార్క్ టౌన్ దాకా ఎంఆర్‌టీఎస్, సెంట్రల్‌లో లోకల్ ఎక్కి ఇల్లు చేరేసరికి గంటన్నర పడుతుంది.

షాపులో మూడు మిషన్లు. అందులో ఒకదాన్ని పేజీల మిషన్ అంటాం. మా పాత పుస్తకాలన్నీ దాంట్లోనే, పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ కాదు. ఇంకో మిషన్‌లో తెరిస్తే వత్తులు ఒక చోట, గుడులు ఇంకో చోట పడతాయి. కాబట్టి ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుని చేసుకోమని దయచేసి చెప్పకండి, పదేళ్లు ప్రయత్నించాను.

రాత్రి తొమ్మిదింటికి రచయిత ఫోన్ చేస్తారు. "అమ్మా, 64వ పేజీలో మా నాయనగారి ఇంటిపేరు తప్పు పడిందమ్మా" అంటారు. పొద్దున ఏడింటికల్లా ప్రెస్సులో ప్లేట్లు వేస్తారు. ఆ పుస్తకం ఆయన తండ్రి జ్ఞాపకంగా వేయించుకుంటున్నది, ఆ ఇంటిపేరు అలాగే అచ్చులోకి పోనివ్వలేను. అందుకని ఇన్నేళ్లూ పేజీల మిషన్‌ని రాత్రంతా ఆన్‌లోనే ఉంచి, రిమోట్ డెస్క్‌టాప్‌తో ఇంటి నుంచి సరిదిద్దేదాన్ని. దానితో పాటు మిగతా రెండూ కూడా అలవాటుగా వెలుగుతూనే ఉండేవి.

మాది మేడ మీది గది, పైన ఎండ తగిలే మిద్దె. మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ చెయ్యి పెడితే కాలుతుంది. ఏసీ ఆపి తలుపు మూసిన గదిలో ఆ మిషన్లు రాత్రంతా నడుస్తుంటే నా ప్రాణం ఒప్పదు. పోయిన వేసవిలో ఒక హార్డ్ డిస్క్ పోయింది. నెల కిందట మీటర్ పెట్టి చూశాను, మూడూ ఊరికే ఉన్నా కలిపి 180 వాట్లు. రాత్రి 8 నుంచి పొద్దున 9 దాకా లెక్కేస్తే 2.3 యూనిట్ల పైమాటే, నెలకు 70 యూనిట్లు. ఎవరూ వాడని కరెంటు.

మా మేనల్లుడు వచ్చి ఉపాయం చెప్పాడు. మిషన్‌ని నిద్రపుచ్చి వెళ్లు, కావలసినప్పుడు నెట్‌లోంచి లేపుకో అన్నాడు. రౌటర్ ఆర్చర్ సీ7, దాంట్లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మాకు స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని నెట్ అడ్రస్ ఉంది. బయటి నుంచి యూడీపీ 9 పోర్టుకు వచ్చేది 192.168.1.20కి, అంటే పేజీల మిషన్‌కి, పోయేలా పోర్ట్ ఫార్వర్డ్ పెట్టాడు. మిషన్‌ని స్లీప్‌లో పెట్టి, కిందికి దిగి టీ కొట్టు దగ్గర మొబైల్ డేటా మీద ఫోన్ యాప్‌లో బటన్ నొక్కాం. పైకి వెళ్లి చూస్తే ఫ్యాన్ తిరుగుతోంది! ఆ సంతోషంతో ఆ రోజు అన్నీ నిద్రపుచ్చి ఇంటికి వెళ్లాను. తొమ్మిదిన్నరకు నొక్కితే లేవలేదు. పదిసార్లు నొక్కినా లేవలేదు.

మర్నాడు కాగితం పెట్టుకుని కూర్చున్నాను. నిద్రపుచ్చిన రెండు నిమిషాలకు నొక్కితే లేస్తుంది. నాలుగు నిమిషాలకు లేస్తుంది. పదికి లేవదు, ఇరవైకి లేవదు. మూడు రోజులు అదే వరస. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే రౌటర్ మార్చమన్నారు. మార్చే ముందు అసలు కారణం తెలుసుకోవాలని ఉంది.

బెంగళూరు_రౌటర్:

అక్కా, రౌటర్ మార్చకండి. అది మంచి రౌటర్. మీరు కాగితం మీద రాసుకున్న ఆ నాలుగు నిమిషాల లెక్కలోనే జవాబు ఉంది.

లేపే ప్యాకెట్‌ని మ్యాజిక్ ప్యాకెట్ అంటారు. ఏఎండీ వాళ్లు 1995లో బయటపెట్టిన పద్ధతి. చాలా చిన్నది. మొదట ఎఫ్ఎఫ్ అనే బైటు ఆరుసార్లు, ఆ వెనక మీ మిషన్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చిన నంబరు) పదహారు సార్లు, మొత్తం 102 బైట్లు. మిషన్ నిద్రలో ఉన్నా నెట్‌వర్క్ కార్డుకు కొంచెం కరెంటు అందుతూ ఉంటుంది. తన మ్యాక్ వరసగా పదహారు సార్లు ఎప్పుడు వినబడుతుందా అని అది చెవి ఒగ్గి ఉంటుంది, వినబడగానే మిషన్‌ని లేపుతుంది. అంతకు మించి దానికి ఏమీ తెలియదు. నిద్రలో ఉన్న మిషన్‌కి ఐపీ అడ్రస్ సంగతే పట్టదు. 9వ పోర్టు అన్నది కూడా ఆచారమే తప్ప, కార్డు ఆ అంకె వంక చూడదు.

ఇప్పుడు మీ పోర్ట్ ఫార్వర్డ్ ఏం చేస్తోందో చూడండి. బయటి నుంచి వచ్చినదాన్ని 192.168.1.20కి ఇవ్వమన్నారు. కానీ షాపు లోపలి తీగ మీద ఐపీతో పని జరగదు, మ్యాక్ కావాలి. ఈ ఐపీ ఎవరిది అని రౌటర్ అడుగుతుంది, మెలకువగా ఉన్న మిషన్ నాది అని మ్యాక్ చెబుతుంది, రౌటర్ దాన్ని కొంతసేపు పట్టికలో రాసుకుంటుంది. ఇదే ఏఆర్‌పీ. నిద్రపుచ్చిన కొత్తలో ఆ పట్టికలో మీ మిషన్ పేరు ఇంకా ఉంటుంది, అందుకే ప్యాకెట్ చేరుతుంది. తర్వాత రౌటర్ మళ్లీ అడుగుతుంది, నిద్రపోయినవాళ్లు పలకరు, పేరు చెరిపేస్తుంది. ఇక ఆ ప్యాకెట్ ఎవరికివ్వాలో తెలియక పారేస్తుంది. ఎన్ని నిమిషాలన్నది రౌటర్‌ని బట్టి మారుతుంది. కొన్ని నెట్‌వర్క్ కార్డులు నిద్రలో కూడా ఏఆర్‌పీకి పలుకుతాయి. ఒకరి ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసింది ఇంకొకరికి చేయకపోవడానికి అదే కారణం.

దీనికి చాలామంది ఫార్వర్డ్‌ని 192.168.1.255కి, అంటే లోపల అందరికీ వినబడేలా పెట్టమంటారు. బయటి నుంచి వచ్చినదాన్ని అలా లోపల అందరికీ చాటింపు వేయడం రౌటర్లు ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా. 90లలో స్మర్ఫ్ దాడులు ఆ దారినే జరిగాయి. ఒక ప్యాకెట్ పంపితే నెట్‌వర్క్‌లో అందరూ ఒక్కసారిగా జవాబిచ్చి ఎవరినో ముంచేసేవాళ్లు. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2644 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చి, ఆ తలుపు మొదటి నుంచే మూసి ఉండాలని చెప్పింది. దాన్ని పనిగట్టుకుని తెరవకండి.

నా మాట వినండి, ఆ ఫార్వర్డ్ మొత్తం తీసేయండి. మీ షాపులో రాత్రంతా మెలకువగా ఉండేది ఒక్క రౌటరే. లేపే పని దానికే అప్పగించండి. రౌటర్‌లో వైర్‌గార్డ్ (బయటి నుంచి భద్రంగా లోపలికి వచ్చే వీపీఎన్ దారి) పెట్టుకుని మీ ఫోన్ నుంచి షాపు నెట్‌వర్క్ లోపలికి రండి, వచ్చాక రౌటర్ చేత లోపలి నుంచి పిలిపించండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఈథర్‌వేక్ అని ఒక ప్యాకేజీ, దానికి లూసీలో, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే రౌటర్ సెట్టింగుల్లో, వేక్ ఆన్ లాన్ అని ఒక పేజీ ఉన్నాయి. మిషన్ పేరు ఎంచి బటన్ నొక్కితే చాలు. ఇంటర్‌ఫేస్ దగ్గర బీఆర్-లాన్ అని, అంటే షాపు లోపలి నెట్‌వర్క్ పేరు, ఉండాలి. ఈథర్‌వేక్ ఐపీని పట్టించుకోకుండా నేరుగా మ్యాక్‌తో తీగ మీద పిలుస్తుంది కాబట్టి ఏఆర్‌పీ గొడవే ఉండదు. బయటికి తెరవాల్సింది వైర్‌గార్డ్ యూడీపీ పోర్టు ఒక్కటే, మామూలుగా 51820. తాళం చెవి లేనివాళ్లకు అది జవాబే ఇవ్వదు, అక్కడేదో ఉన్నట్టు కూడా తెలియదు.

ఇంకో మాట. మీరు రిమోట్ డెస్క్‌టాప్‌కి 3389 పోర్టు బయటికి తెరిచి ఉంచారా? రాయలేదు గానీ ఉంచి ఉంటారని నా అనుమానం. ఉంటే ఎవరైనా బయటి నుంచి మీ మిషన్‌లోకి దూరే ప్రయత్నం చేయొచ్చు, ఈ రాత్రే మూసేయండి. అది లేపడం కంటే ముఖ్యం.

తిరువల్లిక్కేణి_డీటీపీ:

తమ్ముడూ, తెరిచే ఉంది. మీ మాట చదివిన వెంటనే మేనల్లుడికి ఫోన్ చేసి మూయించాను. ఎన్నేళ్లుగా తెరిచి ఉందో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

ఆదివారం కూర్చుని వైర్‌గార్డ్ పెట్టాం. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చదివించాక మొబైల్ డేటా మీద వెంటనే కలిసింది, రౌటర్ పేజీ తెరుచుకుంది. అదే ఇంట్లో వైఫై మీద పెడితే 192.168.1.1 కొట్టినప్పుడు మా ఇంటి రౌటరే వస్తుంది! గంటసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. రెండు చోట్లా ఒకటే 192.168.1 అంకెలు, పాపం ఫోన్ ఎటు పోవాలో తెలియక ఇంట్లోనే తిరుగుతోంది. షాపు అంకెలన్నీ 192.168.57కి మార్చాం. ప్రింటర్‌కి కూడా మార్చాల్సి వచ్చింది. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

స్లీప్‌లో నుంచి ఇప్పుడు చక్కగా లేస్తోంది. రాత్రి పదకొండుకు, తెల్లవారి నాలుగింటికి కూడా లేపి చూశాను. కానీ రెండు బాధలు మిగిలాయి. షట్‌డౌన్ చేసి వెళ్తే లేవదు. మంగళవారం సాయంత్రం స్లీప్‌లో పెట్టి వెళ్లాక మా వీధిలో కరెంటు పోయి అరగంట తర్వాత వచ్చింది, ఆ రాత్రి అది కూడా లేవలేదు. రౌటర్ ఇన్వర్టర్ మీద ఉంది, మిషన్ లేదు.

పెరంబూరు_హార్డ్‌వేర్:

అమ్మా, నేను రిచీ స్ట్రీట్‌లో పద్దెనిమిదేళ్లు బోర్డులు రిపేరు చేశాను. ఈ రెండూ నా ఖాతాలోవే.

మొదట చెయ్యాల్సింది చెబుతాను. మిషన్ నిద్రపోయాక ఒకసారి, షట్‌డౌన్ అయ్యాక ఒకసారి దాని వెనక నెట్‌వర్క్ కేబుల్ గుచ్చిన చోట లైటు చూడండి. వెలుగుతోందంటే కార్డు మేలుకుని ఉంది. ఆరిపోయిందంటే మీరు ఎంత పిలిచినా వినే దిక్కు లేదు, రౌటర్‌ని తిట్టి ప్రయోజనం లేదు. నిద్రలో కార్డు వేగం తగ్గించుకుంటుంది, అందుకే లైటు రంగు మారవచ్చు. రంగు మారితే భయపడొద్దు, ఆరితేనే భయం.

లైటు ఆరుతుంటే బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లండి. ఈఆర్‌పీ అని ఒక మాట ఉంటుంది. ఐరోపాలో ఆపేసిన సామాను కరెంటు తాగకూడదని పెట్టిన కట్టుబాటు కోసం బోర్డుల వాళ్లు ఇచ్చిన మీట అది. అది ఆన్‌లో ఉంటే మిషన్ ఆగగానే కార్డుకు కూడా కరెంటు కోసేస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి. వేక్ ఆన్ లాన్ అనో, పీసీఐ-ఈ ద్వారా పవర్ ఆన్ అనో ఉన్నదాన్ని ఆన్ చేయండి.

విండోస్‌లో షట్‌డౌన్ సంగతి వదిలేయండమ్మా. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని వచ్చింది, దానితో షట్‌డౌన్ చేసినప్పుడు కార్డుని లేవడానికి సిద్ధం చేసి వెళ్లదు. పూర్తి షట్‌డౌన్ నుంచి లేపడాన్ని విండోస్ తన బాధ్యతగా తీసుకోదు. కొన్ని బోర్డులు వాటంతట అవి లేస్తాయి, నమ్ముకోలేం. మీరు హైబర్నేట్ వాడండి. మెమరీలో ఉన్నదంతా డిస్క్ మీద రాసి పడుకుంటుంది, కరెంటు వాడకం షట్‌డౌన్ అంతే, లేపితే మీరు వదిలిన పేజీ అలాగే తెరుచుకుంటుంది. స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే సేవ్ చేయని పని పోతుంది, హైబర్నేట్‌లో పోదు. మన ఊళ్లో నాకు హైబర్నేటే నమ్మకం.

డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్, అక్కడ పవర్ మేనేజ్‌మెంట్. ఈ పరికరం కంప్యూటర్‌ని లేపవచ్చు అన్నదానికి టిక్ పెట్టండి. కింద మ్యాజిక్ ప్యాకెట్ మాత్రమే లేపాలి అన్నదానికి కూడా తప్పకుండా పెట్టండి. అది పెట్టకపోతే నెట్‌వర్క్‌లో ఎవరు పలకరించినా అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది.

ఇక కరెంటు పోవడం. గోడ కరెంటు పూర్తిగా పోతే కార్డుకు అందే ఆ కాస్తా పోతుంది. విండోస్ చెప్పి వెళ్లిన మాట చాలా బోర్డుల్లో చెరిగిపోతుంది. కరెంటు తిరిగి వచ్చినా, ఒకసారి విండోస్ లేచి మళ్లీ పడుకునేదాకా కార్డు పిలుపు వినదు. దీనికి దారి బయోస్‌లోనే ఉంది. కరెంటు వచ్చాక ఏం చేయాలి అన్న చోట ఎప్పుడూ ఆన్ అని పెట్టండి. కరెంటు రాగానే మిషన్ లేస్తుంది, ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టకపోతే హైబర్నేట్ అయ్యేలా విండోస్‌లో పెట్టుకోండి. చిన్న యూపీఎస్ కూడా పెట్టండి, డిస్క్‌ల క్షేమం కోసమే చెబుతున్నాను.

మారతహళ్లి_పీజీ:

అక్కా, మీ ప్రశ్న మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది బెంగళూరు మారతహళ్లిలో పీజీ. నా పెద్ద కంప్యూటర్ చిత్తూరులో మా ఇంట్లో ఉంది. ఇదంతా చేశాను గానీ బయటి నుంచి వైర్‌గార్డ్ అసలు కలవడం లేదు. మా రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే నెట్ కంపెనీ ఇచ్చిన బయటి వైపు అడ్రస్, 100.81తో మొదలవుతోంది. మిషన్ వైఫై మీద ఉంది.

బెంగళూరు_రౌటర్:

తమ్ముడూ, 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలు కంపెనీ లోపలివి. సీజీనాట్ అంటారు, ఒక బయటి ఐపీని ఎందరో కస్టమర్లకు పంచుతారు. బయటి నుంచి నీ ఇంటి తలుపు తట్టే దారే లేదు. అక్కలాగా స్టాటిక్ ఐపీ డబ్బు కట్టి తీసుకో, లేదా ఇంటి లోపలి నుంచే బయటికి కలిసేలా చేసుకో. మూలన రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ ఒకటి పెట్టి దాంట్లో టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేస్తే సరిపోతుంది, అది కంపెనీ అడ్డుగోడ దాటి నీ ఫోన్‌తో కలుస్తుంది, లేపే పిలుపు అదే పెడుతుంది. టెయిల్‌స్కేల్‌ని పెద్ద మిషన్‌లో మాత్రమే వేస్తే లాభం లేదు, మిషన్‌తో పాటు అదీ నిద్రపోతుంది. వైఫై మీద లేపడాన్ని మాత్రం నమ్ముకోకు. కేబుల్ లాగు.

తిరువల్లిక్కేణి_డీటీపీ:

పెరంబూరు అన్నగారూ, మీరు చెప్పినట్టే చేశాను. షట్‌డౌన్ చేశాక లైటు నిజంగానే ఆరిపోయి ఉంది! ఇన్నాళ్లూ ఎవరూ మిషన్ వెనక్కి వెళ్లి చూడమనలేదు. ఈఆర్‌పీ ఆఫ్ చేశాక హైబర్నేట్‌లో కూడా నారింజ రంగులో వెలుగుతోంది. గోడ స్విచ్ ఆపి, పది నిమిషాలాగి వేశాను. దానంతట అదే లేచింది, కాసేపటికి పడుకుంది, ఫోన్ నుంచి పిలిస్తే లేచింది.

ఒక్కటే చిక్కు. నిన్న రాత్రి లేపి, అమ్మకు అన్నం పెట్టి వచ్చి రిమోట్ డెస్క్‌టాప్ కలపబోతే మిషన్ లేదు. మళ్లీ లేపాను, వెంటనే కలిపితే బాగుంది. లేపినా నేను ఆలస్యం చేస్తే తిరిగి పడుకుంటోంది. నేను పెట్టింది ఇరవై నిమిషాలు, ఇది రెండు మూడు నిమిషాలకే పడుకుంటోంది.

బెంగళూరు_రౌటర్:

అది విండోస్‌లో విడిగా ఉన్న గడియారం అక్కా. మనిషి లేపకుండా నెట్‌వర్క్ లేపితే, ఎవరూ కీబోర్డు గానీ మౌస్ గానీ ముట్టకపోతే 2 నిమిషాలకే తిరిగి నిద్రపుచ్చుతుంది. సిస్టమ్ అన్‌అటెండెడ్ స్లీప్ టైమౌట్ అని దాని పేరు. పవర్ ఆప్షన్లలో మామూలుగా కనబడదు, దాచి పెట్టారు. పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో కనబడేలా చేయాలి, మేనల్లుడికి ఈ పేరు చెప్పండి, వెతికి పట్టుకుంటాడు. ఇరవై నిమిషాలు పెట్టించండి. పవర్‌సీఎఫ్‌జీ లాస్ట్‌వేక్ అని కొడితే చివరిసారి మిషన్‌ని ఎవరు లేపారో కూడా చెబుతుంది, అనుకోకుండా లేచిన రోజున అది చూడండి.

తిరువల్లిక్కేణి_డీటీపీ:

పెట్టించాం. కుదిరింది.

నిన్న రాత్రి పదీ పదికి ఫోన్ వచ్చింది. శ్రీకాళహస్తి నుంచి ఒక పెద్దాయన, శతకం వేయించుకుంటున్నారు. 31వ పద్యం మూడో పాదంలో "క్ష" బదులు "క్క" పడింది, యతి చెడింది. వైర్‌గార్డ్ ఆన్ చేసి, రౌటర్ పేజీలో పేజీల మిషన్ పేరు మీద నొక్కాను. నలభై సెకన్లు లెక్కపెట్టాను. రిమోట్ డెస్క్‌టాప్ తెరిస్తే సాయంత్రం నేను వదిలిన పేజీయే ఉంది, కర్సర్ కూడా అక్కడే. అక్షరం మార్చి, పీడీఎఫ్ తీసి ప్రెస్సుకి పంపి, హైబర్నేట్‌లో పెట్టి ఫోన్ పక్కన పడేశాను. పదిన్నర కూడా కాలేదు.

పొద్దున షాపు తలుపు తీసినప్పుడు గది చల్లగా ఉంది. మిగతా రెండు మిషన్ల మ్యాక్ అడ్రస్‌లు కూడా రాసుకుని రౌటర్‌లో ఎక్కించాను. పెరంబూరు అన్నగారూ, యూపీఎస్ కోసం శనివారం రిచీ స్ట్రీట్‌కి వస్తున్నాను. ఒక మిషన్‌కి, రౌటర్‌కి కలిపి ఎంతది తీసుకోవాలో చెబితే అదే అడిగి తీసుకుంటాను.

పెరంబూరు_హార్డ్‌వేర్:

రౌటర్ ఎలాగూ ఇన్వర్టర్ మీద ఉంది కదమ్మా, దాన్ని అక్కడే ఉంచండి. పేజీల మిషన్‌కి, దాని మానిటర్‌కి 600 వీఏ చాలు. కొనేటప్పుడు లోపలి బ్యాటరీ మీద తారీఖు చూసి తీసుకోండి, ఏడాది షెల్ఫులో పడి ఉన్నది వద్దు.